మద్‌యన్ బావి దగ్గర దొరికిన కొలువు

కడపలోని ఒక మస్జిద్‌లో జుమా నమాజు ముగిసింది. జనమంతా వెళ్ళిపోయేవరకు ఒక యువకుడు వరండాలో స్తంభం పక్కన నిలబడే ఉన్నాడు. నేను బయటికి రాగానే సలాం చేసి, "హజ్రత్, ఒక మసలా అడగాల" అన్నాడు. బి.కాం. పూర్తిచేసి రెండేళ్ళయిందట. తండ్రి దర్జీ. ఒక కార్యాలయంలో కాంట్రాక్టు ఉద్యోగం ఖాళీగా ఉందనీ, మధ్యవర్తి ఒకడు మూడు లక్షలు అడుగుతున్నాడనీ చెప్పాడు. తల్లి గాజులు బ్యాంకులో కుదువ పెడితే రెండు లక్షలు వస్తాయి. మిగతాది మేనమామ సర్దుతాడు.

"అర్హత ఉండే ఉద్యోగానికే ఇస్తా ఉండాం హజ్రత్. ఇది లంచం అవుతుందా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఈ వ్యాసంలోనే ఇస్తాను. అయితే ఆ రోజు నేను ముందుగా అతన్ని ఇంకో ప్రశ్న అడిగాను. "ఈ రెండేళ్ళలో ఏమేం ప్రయత్నాలు చేశావు బేటా?"

రెండు బ్యాంకు పరీక్షలు, ఒక సర్వీస్ కమిషన్ పరీక్ష రాశాడు. ఫలితాల కోసం ఎదురుచూశాడు. రాలేదు. మళ్ళీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు. మధ్యలో ఏదైనా దుకాణం, మిల్లు, ఆడిటరు ఆఫీసు, ప్రైవేటు స్కూలు వంటి చోట్ల అడిగి చూశావా అంటే తల వంచుకున్నాడు. "అవి చిన్న పనులు కదా హజ్రత్. డిగ్రీ చదివినాక ఆడికి ఎట్ల పోయేది? ఇంట్లో కూడా ఒప్పుకోరు" అన్నాడు.

ఈ అబ్బాయి సోమరి కాదు. ఫజర్ నమాజుకు లేచి చదువుకునేవాడే. కాని రెండేళ్ళుగా ఒకే తలుపు తడుతున్నాడు. అది తెరుచుకోకపోయేసరికి గోడకు కన్నం వేయవచ్చా అని అడగటానికి వచ్చాడు. మన కర్నూలు, కడప జిల్లాల్లో ఇలాంటి పిల్లలు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం దివ్య ఖుర్‌ఆన్‌లోని ఒక సంఘటనను కాస్త నింపాదిగా చదువుకుందాం.

బావి దగ్గర

సూరా అల్ ఖసస్‌లో 22 నుండి 28 వరకు ఉన్న వాక్యాలు హజ్రత్ మూసా (అలై) మద్‌యన్ చేరిన వృత్తాంతాన్ని తెలుపుతాయి. ఆయన ఫిరౌను రాజభవనంలో పెరిగినవారు. ప్రాణభయంతో ఈజిప్టు విడిచి, తెలియని దారిలో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ప్రయాణం చేశారు. దారిలో ఆకులు తప్ప ఆయనకు వేరే ఆహారం దొరకలేదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు వ్యాఖ్యాతలు రాశారు. ఊరు కొత్త. పరిచయస్తులు లేరు. సిఫార్సు లేదు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే ఆయన దగ్గర చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు.

ఆ ఊరి నీళ్ళ దగ్గర పశువుల కాపరులు గుంపుగా మూగి ఉన్నారు. ఇద్దరు స్త్రీలు తమ మందను అదుపుచేసుకుంటూ పక్కన నిలబడి ఉన్నారు. మూసా (అలై) వారిని విషయం అడిగారు. ఈ కాపరులు వెళ్ళేవరకు తాము నీళ్ళు పెట్టలేమనీ, తమ తండ్రి బాగా వృద్ధుడనీ వారు చెప్పారు. ఆయన వెంటనే వారి మందకు నీళ్ళు పెట్టారు. బావి మూతిపై ఉన్న రాయిని కదిలించాలంటే పదిమంది కావాలనీ, దాన్ని ఆయన ఒక్కరే ఎత్తారనీ హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. కూలి అడగలేదు. పేరు చెప్పుకోలేదు. నీడలోకి వెళ్ళి కూర్చుని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ దుఆలో ఉద్యోగం అన్న మాట లేదు, జీతం అన్న మాట లేదు. ప్రభువు ఏ మేలు పంపినా తాను దానికి అవసరమున్నవాడినేనని మాత్రమే విన్నవించుకున్నారు.

కాసేపటికి ఆ ఇద్దరిలో ఒకామె బిడియంగా నడిచివచ్చి, మీరు నీళ్ళు పెట్టినందుకు ప్రతిఫలం ఇవ్వడానికి నాన్న పిలుస్తున్నారని చెప్పింది. ఆ తరువాత ఇంట్లో ఆమె తండ్రితో, ఈయనను పనిలో పెట్టుకోండి, పనిలో పెట్టుకోదగిన మనిషి బలమూ నమ్మకమూ గలవాడే అన్న భావంతో మాట్లాడింది. ఎనిమిదేళ్ళ ఒప్పందం కుదిరింది, ఇష్టపడితే పదేళ్ళు. ఆయన రెండింటిలో ఎక్కువ గడువునే పూర్తిచేశారని బుఖారీలో ఉంది. (ఆ వృద్ధుడు హజ్రత్ షుఐబ్ (అలై) అని మనవాళ్ళు ఖాయంగా చెబుతారు. ఖుర్‌ఆన్ ఆయన పేరు చెప్పలేదు. వ్యాఖ్యాతల్లో ఈ విషయంపై భిన్నాభిప్రాయాలున్నాయి.)

ఈ వృత్తాంతాన్ని ఎన్నోసార్లు ఉపన్యాసాల్లో విన్నాం. సాధారణంగా సిగ్గు, పర్దా గురించి, నికాహ్ గురించి చెప్పి ముగిస్తాం. నాకు మాత్రం ఇందులో పనుల వరుస ముఖ్యంగా కనిపిస్తుంది. ముందు పని, ఆ తరువాత దుఆ, ఆ తరువాత పిలుపు. మనం చాలాసార్లు దీన్ని తలకిందులు చేస్తాం. పిలుపు వస్తే పని చేస్తామంటాం. అది వచ్చేవరకు దుఆ చేస్తూ ఇంట్లో కూర్చుంటాం.

ఇంకొకటి చూడండి. సిఫార్సు లేనిదే ఉద్యోగం రాదని మన పిల్లలు అంటారు. నిజమే, మూసా (అలై)కు కూడా సిఫార్సు చేసినవారు ఉన్నారు. అయితే ఆమె ఆయన బంధువు కాదు. డబ్బు తీసుకున్న మధ్యవర్తి కూడా కాదు. ఆయన పనిని కళ్ళారా చూసిన మనిషి! ఆయన బావి దగ్గరికి వెళ్ళి చేయి వేయకపోతే ఆ సిఫార్సు పుట్టేదే కాదు. మన పని ఎవరికీ కనబడని చోట కూర్చుని, మనల్ని ఎవరూ గుర్తించలేదని బాధపడితే ఎలా?

రాజభవనంలో పెరిగిన ఆయన గొర్రెలు కాయడం చిన్నతనమని అనుకోలేదు. మన ప్రవక్త ముహమ్మద్ (స) కూడా యువకుడిగా ఉన్నప్పుడు కొద్దిపాటి ఖీరాతుల కూలికి మక్కావాసుల గొర్రెలు కాశారు. ఈ మాట ఆయనే స్వయంగా చెప్పారు. తరువాత హజ్రత్ ఖదీజా (రజి) తన వ్యాపార సరుకును ఆయనకు అప్పగించి సిరియా పంపడానికి కారణం అప్పటికే ఊరంతా తెలిసిన ఆయన నిజాయితీ. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి అని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. ఇక "చిన్న పని" అన్న మాట మనకు ఎక్కడి నుండి వచ్చిందో ఆలోచించాలి. ధర్మం నుండి మాత్రం రాలేదు.

మన కర్నూలు నేలపైనే

ఇవి ప్రవక్తల విషయాలు, మనలాంటి వారికి సాధ్యమా అని కొందరు అనవచ్చు. అయితే మన కర్నూలు పక్కనున్న పెద్దపాడు గ్రామాన్నే తీసుకోండి. దామోదరం సంజీవయ్య గారు అక్కడ 1921లో ఒక నిరుపేద దళిత కుటుంబంలో జన్మించారు. పసికందుగా ఉన్నప్పుడే తండ్రి చనిపోయారు. కర్నూలు మునిసిపల్ పాఠశాలలో చదివి, అనంతపురం కళాశాలలో 1942లో బి.ఏ. పూర్తిచేశారు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. చేతిలో డిగ్రీ ఉంది, స్థిరమైన ఉద్యోగం లేదు, ఇంటి భారం ఉంది.

ఆయన ఏం చేశారు? కర్నూలులో రేషనింగ్ ఆఫీసులో గుమస్తాగా చేరారు. రేషనింగ్ అనేదే యుద్ధం వల్ల కొత్తగా పుట్టిన పని. పాత తలుపులు మూసిన యుద్ధమే ఈ కొత్త తలుపు తెరిచింది. ఆ తరువాత ప్రజా పనుల శాఖలో తాత్కాలిక ఉద్యోగంతో బళ్ళారిలో పనిచేశారు. అది కూడా 1945 చివరికి అయిపోయింది. 1946లో మద్రాసు లా కాలేజీలో చేరి, చదువుకు డబ్బు కోసం ఒక పాఠశాలలో గణితం బోధించారు. 1950లో న్యాయవాది అయ్యారు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. దేశంలో దళిత కుటుంబం నుండి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి ఆయనే.

అందరూ ముఖ్యమంత్రులు కాలేరు, అది ఇక్కడ విషయమూ కాదు. 1942 నుండి 1946 వరకు ఉన్న ఆ నాలుగేళ్ళను చూడండి. అన్నీ తాత్కాలికమైన పనులే. ఒకటి పోతే ఇంకొకటి, ఈ ఊరు కాకపోతే ఆ ఊరు. వీటిలో ఒక్కటీ ఆయన బి.ఏ. చదువుకు "తగిన" ఉద్యోగం కాదని ఆ రోజుల్లో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు.

వేర్వేరు ద్వారాలు

సూరా యూసుఫ్‌లో హజ్రత్ యాఖూబ్ (అలై) తన కుమారులను రెండోసారి ఈజిప్టు పంపేటప్పుడు, అందరూ ఒకే ద్వారం గుండా పోకుండా వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమని చెప్పారు. దిష్టి తగలకూడదని అలా చెప్పారని ఎక్కువమంది వ్యాఖ్యాతలు రాశారు. నేను ఆ వ్యాఖ్యానాన్ని కాదనడం లేదు. కాని ఆ వాక్యం (12:67) రెండో భాగం మన విషయానికి ఎంతో అవసరం. ఉపాయం చెప్పిన వెంటనే ఆయన, అల్లాహ్ నిర్ణయాన్ని నేను తప్పించలేను, నా భరోసా ఆయనపైనే అన్నారు. ఉపాయమూ ఉంది, భరోసా కూడా ఉంది. ఒకటి చేసినంత మాత్రాన రెండోది పోలేదు. మరికొన్ని వాక్యాల తరువాత (12:87) అదే తండ్రి కుమారులకు, వెళ్ళి వెతకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని బోధించారు. వెతకమన్న తరువాతే నిరాశ వద్దన్నారు. ఆ వెతుకులాట కూడా ఏళ్ళ తరబడి కనబడకుండా పోయిన బిడ్డ కోసం!

పక్షుల హదీసు మనందరికీ తెలిసినదే. అల్లాహ్‌పై నిజమైన భరోసా ఉంటే, పొద్దున ఖాళీ కడుపుతో వెళ్ళి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివచ్చే పక్షులకు ఇచ్చినట్లు మీకూ ఇస్తాడని ప్రవక్త (స) తెలిపారు. ఆ పక్షి గూటిలో కూర్చోలేదు. రోజూ అదే చెట్టుకు వెళుతుందని కూడా ఎక్కడా లేదు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) హిజ్రత్ చేసి మదీనా వచ్చినప్పుడు, ఆయనకు సోదరుడిగా నిర్ణయించబడిన సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ ఇచ్చి, బజారు ఎక్కడుందో చూపించమన్నారు. మరునాడే ఖైనుఖా తెగ బజారులో జున్ను, నెయ్యి అమ్మకం మొదలుపెట్టారు. మక్కాలో పెద్ద వ్యాపారి ఆయన. కొత్త ఊళ్ళో జున్నుతో మొదలుపెట్టడానికి సిగ్గుపడలేదు. కొద్ది రోజులకే పెళ్ళి చేసుకుని వచ్చారు. ఒక మేకతోనైనా వలీమా చేయమని ప్రవక్త (స) చెప్పింది ఈయనకే.

మరి మన ప్రాంతంలో ద్వారాలు ఎక్కడున్నాయి? కరువు సీమ, ఇక్కడ ఏముంది అనుకోవడం మనకు అలవాటు. ఆదోనిలో పత్తి మార్కెట్టు, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. పత్తి వచ్చే నెలల్లో అక్కడ కాటా దగ్గర రాసేవారు, లెక్కలు చూసేవారు అదనంగా కావాలి. బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ యూనిట్లు, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారం ఉన్నాయి. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో వచ్చింది, విమానాశ్రయం 2021లో వచ్చింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుండి బట్టల కొట్టువాడికి కూడా రిటర్నులు దాఖలు చేసిపెట్టే మనిషి కావాలి. బి.కాం. చదివిన పిల్లవాడికి అది కొత్తగా పుట్టిన పని, సంజీవయ్య గారికి రేషనింగ్ ఆఫీసులా. అప్రెంటిస్‌షిప్ అనగానే ఐటీఐ పిల్లలకు మాత్రమే అనుకుంటారు. 1961 నాటి ఆ చట్టాన్ని 2014లో సవరించాక బి.ఏ., బి.కాం. వంటి డిగ్రీలున్నవారికి కూడా వీలుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. మదరసా నుండి సనద్ తీసుకుని కర్నూలు వచ్చినప్పుడు నాకు వచ్చింది ఉర్దూ, అరబీ, తెలుగు. ఎక్కడికి వెళ్ళినా ఇమామత్ ఖాళీ లేదన్నారు. ఒక పాఠశాలలో మూడు నెలలు చెప్పించుకుని జీతం ఇవ్వలేదు. ఒకరోజు పాస్‌పోర్టు పని మీద తిరుగుతున్న ఒక ముసలాయన ఉర్దూలో ఉన్న నికాహ్‌నామా చేతబట్టుకుని, దీన్ని తెలుగులో రాసిచ్చేవారు ఎవరైనా ఉన్నారా అని టైపు షాపులో అడుగుతున్నాడు. నేను అక్కడే కూర్చుని రాసిచ్చాను. టైపు షాపు యజమాని అది చూసి, ఇలాంటి కాగితాలు వారానికి నాలుగైదు వస్తాయి, మీరు సాయంత్రాలు ఇక్కడే కూర్చోండి అన్నాడు. కువైట్‌లో పనిచేసే కుటుంబాల కాగితాలు, వక్ఫ్ పాత పత్రాలు, వారసత్వ పత్రాలు... రెండేళ్ళు ఆ పనితోనే ఇల్లు గడిచింది. ఉర్దూ తిండి పెట్టదని నన్ను ఎగతాళి చేసినవారే తరువాత తమ తాతల దస్తావేజులు పట్టుకుని వచ్చారు. మన చేతిలో ఉన్న ఏ విద్య ఎవరికి అవసరమో ఇంట్లో కూర్చుంటే తెలియదు.

అయితే ఒక హెచ్చరిక. పని చూపించడం అంటే ఊరికే దోపిడీకి గురికావడం కాదు. మూసా (అలై) ఒక పూట నీళ్ళు పెట్టారు. ఎనిమిదేళ్ళ పనికి మాత్రం ముందే గడువు, ప్రతిఫలం మాట్లాడుకున్నారు. మీరు కూడా "పదిహేను రోజులు నా పని చూడండి, ఆ తరువాత జీతం ఇంత" అని ముందే తేల్చుకోండి. నేను ఆ పాఠశాలలో చేసిన తప్పు అదే. మాట తేల్చుకోలేదు.

మన దుకాణదారులకు, స్కూళ్ళు నడిపేవారికి కూడా ఒక మాట. పనివాడితో పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్ ప్రతివాదిగా నిలబడతాడని బుఖారీ హదీసు చెబుతోంది. "మనోడే కదా, నేర్చుకుంటున్నాడు" అంటూ నెలల తరబడి తిప్పించుకునేవారు ఆ హదీసును మళ్ళీ ఒకసారి చదువుకోవాలి.

కాగితాల విషయం

హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు రాజు ముందు తనను ధాన్యాగారాల బాధ్యతపై నియమించమని అడిగారు. తాను కాపాడగలవాడిననీ, తెలిసినవాడిననీ చెప్పారు (12:55). పదవి కోరుకోవడం మంచిది కాదని హదీసు ఉంది కదా అంటారు. కరువు రాబోతున్నప్పుడు ఆ పని చేయగలవారు వేరే లేరు కనుక ఆయన అడిగారని పండితులు వివరించారు. ఇక్కడ నేను గమనించమనేది ఆయన చెప్పుకున్న తీరు. ఆ పనికి ఏం కావాలో అదే చెప్పారు, ఉన్నదే చెప్పారు. తన వంశం గొప్పతనం చెప్పలేదు.

మన పిల్లలు ఒకే దరఖాస్తును నలభై కాపీలు తీసి అన్ని చోట్లకూ పంపుతారు. సిమెంటు ఫ్యాక్టరీకీ అదే, స్కూలుకీ అదే. అడిగే పనికి తగినట్లు తన నేర్పును విడిగా రాసుకోవడం యూసుఫ్ (అలై) పద్ధతి. లేని అనుభవాన్ని ఉన్నట్లు చూపే దొంగ సర్టిఫికెట్టు మాత్రం అబద్ధపు సాక్ష్యమే. పదివేలు పోసి కొన్నా, స్నేహితుడు ఉచితంగా ఇచ్చినా ఒకటే.

ఇంకొక చిన్న విషయం. దీనివల్లే ఎంతోమంది చివరి నిమిషంలో అవకాశం పోగొట్టుకుంటున్నారు. పదో తరగతి సర్టిఫికెట్టులో "మహమ్మద్", ఆధార్‌లో "మొహమ్మద్", డిగ్రీలో "ఎం.డి."! ఒకదాంట్లో షేక్ ముందు, ఇంకోదాంట్లో వెనక. చదువు ముగియగానే మొదటి పనిగా పదో తరగతి సర్టిఫికెట్టు ప్రకారం అన్నీ సరిచేయించుకోండి. 2007లో వచ్చిన బీసీ-ఇ నాలుగు శాతం రిజర్వేషన్, కేసు సుప్రీంకోర్టులో ఉన్నప్పటికీ, 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అమలవుతోంది. దూదేకుల సోదరులు బీసీ-బి కిందికి వస్తారు. నోటిఫికేషన్ వచ్చాక ధ్రువపత్రం కోసం పరుగెత్తడం కన్నా ముందే తీసి పెట్టుకోవడం మేలు. ఒంటెను కట్టేసి ఆ తరువాత అల్లాహ్‌పై భరోసా ఉంచమన్న హదీసుకు మన కాలంలో ఇదీ ఒక రూపమే.

కడప, రాయచోటి వైపు నుండి కువైట్ వెళ్ళాలనుకునేవారు ఏజెంటు పేరు భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు సేవారుసుముగా తీసుకోవడానికి ప్రభుత్వం పెట్టిన పరిమితి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. సందర్శక వీసాపై పంపి అక్కడ పని ఇప్పిస్తానన్నవాడిని నమ్మకండి.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. మద్‌యన్ బావి దగ్గర మొదట పనిలో ఉన్నది ఆ ఇద్దరు స్త్రీలే. తండ్రి వృద్ధుడు కనుక బయటికి వచ్చారు, హద్దులు పాటిస్తూ పని చేసుకున్నారు. డిగ్రీ, బి.ఇడి. చదివించి, ఆ తరువాత వారి చదువును పెట్టెలో పెట్టి తాళం వేయడం న్యాయమా? షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కి రాయడం నేర్పిన మహిళ.

ఇక ఆ మసలా

లంచం ఇచ్చేవాడినీ, పుచ్చుకునేవాడినీ ఇద్దరినీ ప్రవక్త (స) శపించారు. ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. దీనిలో పండితులు ఒక సందర్భాన్ని వేరుచేశారు. ఒక మనిషికి ఖాయమైన హక్కు ఉంది, ఉదాహరణకు తన సొంత భూమి పట్టా లేదా చేసిన పనికి రావలసిన జీతం. దాన్ని ఎవరో అన్యాయంగా ఆపారు. వేరే మార్గం ఏదీ లేదు. అప్పుడు గత్యంతరం లేక ఇస్తే పాపం పుచ్చుకున్నవాడిదేనని చాలామంది ఫఖీహులు చెప్పారు.

ఖాళీగా ఉన్న ఉద్యోగం అలాంటిది కాదు. అది ఇంకా ఎవరి హక్కూ కాలేదు. అర్హత ఉన్నవారందరికీ దానిలో అవకాశం ఉంది. డబ్బు ఇచ్చి దాన్ని తీసుకుంటే, అంతకన్నా అర్హుడైన ఒక పేదవాడి బిడ్డను పక్కకు నెట్టినట్లే. కాబట్టి "అర్హత ఉంది కదా" అన్న వాదన చెల్లదు. అది లంచమే, నిషిద్ధమే. గాజుల మీద తెచ్చే అప్పుకు వడ్డీ ఉంది. అంటే ఒక హరామ్ కోసం ఇంకొక హరామ్.

ఇప్పటికే అలా చేరినవారు కొందరు భయంతో అడుగుతారు, మా జీతమంతా హరామేనా అని. ఆ పనికి అర్హత ఉండి, పని నిజాయితీగా చేస్తుంటే జీతం ఆ పనికి ప్రతిఫలమే. కాని లంచం ఇచ్చిన పాపానికి తౌబా చేయాలి, మళ్ళీ ఆ దారి తొక్కకూడదు. వల్లాహు ఆలమ్.

ఈ జవాబు విని ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. నేను అతని తండ్రిని కూడా మరునాడు పిలిపించి మాట్లాడాను. నిజానికి అడ్డం అక్కడే ఉంది. "మా వాడు దుకాణంలో లెక్కలు రాస్తే రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి హజ్రత్?" అన్నాడు ఆయన. నలభై ఏళ్ళుగా సూదితో సంసారం నడిపిన మనిషి ఈ మాట అంటే నాకు బాధేసింది. మద్‌యన్‌లో ఆ తండ్రి ఏం చూసి అల్లుణ్ణి చేసుకున్నాడో ఆయనకు చెప్పాను. నవ్వాడు, కాని వెంటనే ఒప్పుకోలేదు. వారం తరువాత ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ యువకుడు ప్రొద్దుటూరులో ఒక టాక్సు ప్రాక్టీషనరు దగ్గర బట్టల దుకాణాల జీఎస్టీ లెక్కలు చూస్తున్నాడు. జీతం తక్కువ. ఉదయం పూట పరీక్షలకు చదువుకుంటూనే ఉన్నాడు. సాయంత్రాలు సొంతంగా మూడు చిన్న దుకాణాల లెక్కలు కూడా తీసుకున్నాడు. గత నెల జుమా తరువాత మళ్ళీ వరండాలో నిలబడి ఉన్నాడు.

"హజ్రత్, ఇంకొక మసలా. ఒక దుకాణం ఆయన సగం అమ్మకాలు లెక్కలో చూపొద్దంటా ఉండాడు. నేను ఉద్యోగస్తుణ్ణే కదా, పాపం ఆయనదే కదా?"

తప్పుడు లెక్క రాసే చేయి నీదే కనుక నీకూ వాటా ఉంటుందని చెప్పాను. ముందు ఆయనకు నచ్చజెప్పమన్నాను, వినకపోతే ఆ దుకాణం వదులుకోమన్నాను. తన సొంత సంపాదనలో సగం ఆ దుకాణం నుండే వస్తుందట. కాసేపు నేల చూస్తూ నిలబడి, సలాం చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళాడు.